ముఖ పక్షవాతానికి కరెంటు పెట్టించడం: కదలిక నిజంగా తిరిగి వస్తుందా?

ప్రశ్న:
మా చెల్లెలికి బెల్స్ పాల్సీ (ముఖ నరం దెబ్బతిని ముఖం ఒక వైపు కదలకుండా పోయే జబ్బు) వచ్చి మూడో నెల నడుస్తోంది. స్టెరాయిడ్ కోర్సు సకాలంలోనే పూర్తయింది గాని, ఎడమ కన్ను ఇప్పటికీ పూర్తిగా మూసుకోవడం లేదు. పుక్కిలిస్తే నీళ్లు పెదవి మూల నుంచి కారిపోతున్నాయి. ఫిజియోథెరపిస్టు రోజూ కరెంటు పెట్టించుకోమంటున్నారు. న్యూరాలజిస్టు మాత్రం అది అనవసరమనీ, ముఖం బిగుసుకుపోయే ప్రమాదముందనీ వారిస్తున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు (ఫిజియోథెరపీ వృత్తిలో ఉన్నవారు):
నరంలో సంకేతం తాత్కాలికంగా ఆగిందా, లేక లోపలి తంతువులే క్షీణించాయా అన్నది ముందుగా తేలాలి. మొదటిదైతే కొన్ని వారాల్లో దానంతటదే కోలుకుంటుంది. రెండోదైతే తంతువులు రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతూ కండరాన్ని చేరుకోవాలి కాబట్టి నెలలు పడుతుంది. మామూలు యంత్రాలు ఇచ్చే, 1 మిల్లీసెకను లోపు ఉండే పల్స్ (ఒక్కో కరెంటు తాకిడి) నరాన్ని ప్రేరేపించి, దాని ద్వారానే కండరాన్ని కదిలిస్తుంది. నరంతో సంబంధం తెగిన కండరం ఆ పల్స్‌కు పలకదు. దానికి పదుల నుంచి వందల మిల్లీసెకన్ల పాటు నిదానంగా పెరిగే పల్స్ కావాలి. ఇది తెలియక ఇంట్లో టెన్స్ యంత్రం (నొప్పి తగ్గించడానికి చర్మం మీద నుంచి కరెంటు ఇచ్చే చిన్న పరికరం) తీవ్రత పెంచుకుంటూ పోతే, ముఖ నరం కింద కాక ఐదో కపాల నరం కింద పనిచేసే దవడ కండరం ఎగిరెగిరి పడుతుంది. బుగ్గ కదులుతోందని రోగి సంబరపడతారు, కాని పక్షవాతం వచ్చిన కండరాల్లో ఏ మార్పూ ఉండదు.

జవాబు (ఇదే సమస్య ఎదుర్కొన్నవారు):
నాకు కదలిక వచ్చింది గాని, నవ్వినప్పుడల్లా ఆ వైపు కన్ను చిన్నదవుతుంది. తిరిగి పెరిగిన తంతువులు దారితప్పి వేరే కండరాలను చేరితే ఇలా జరుగుతుందని వైద్యులు చెప్పారు. నేను కరెంటు పెట్టించుకున్న మాట నిజమే అయినా, పెట్టించుకోని వారికి కూడా ఇది వస్తుంది కనుక నింద దాని మీద వేయలేను. అద్దం ముందు కూర్చుని, కన్నును వదులుగా ఉంచి పెదవిని మాత్రమే కొద్దికొద్దిగా కదిపే అభ్యాసం నాకు మేలు చేసింది. బలవంతంగా ముఖమంతా బిగించే వ్యాయామాలు మాత్రం చేయించకండి.

జవాబు (వైద్యులు):
చికిత్స లేకపోయినా బెల్స్ పాల్సీ రోగుల్లో సుమారు 70 శాతం మంది పూర్తిగా కోలుకుంటారు. అందువల్ల ఆ వ్యవధిలో ఏం చేయించినా ఘనత దానికే దక్కుతుంది. అప్పటి వరకు జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి పరిశీలించిన 2011 నాటి కాక్రేన్ సమీక్షలో విద్యుత్ ప్రేరణ వల్ల ప్రత్యేకంగా మేలు జరిగిందని రుజువు కాలేదు. ఆరోగ్యంగా ఉన్న వైపు కన్ను ఆర్పడాన్ని సెన్సరుతో పసిగట్టి, అదే క్షణంలో రెండో వైపు కండరానికి కరెంటు అందించి రెప్ప మూయించే పరికరాలు ఆసక్తికరమైనవే గాని, అవి ఇంకా పరిశోధన దశ దాటలేదు. మీ చెల్లెలి విషయంలో కరెంటు కన్నా కన్ను ముఖ్యం: పగలు చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంటు వేసి రెప్పను టేపుతో మూయండి. మూడు నెలలు నిండేసరికి పూర్తిగా కోలుకోకపోతే ముఖ నరం నిపుణులకు చూపించండి. అసలు ఏ మాత్రం కదలికా లేకపోతే ఇది బెల్స్ పాల్సీయేనా అన్నది స్కాన్ తీసి మళ్లీ పరిశీలించాలి.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలండీ. నరం ఏ స్థితిలో ఉందో ఈఎంజీ (కండరాల్లోని విద్యుత్ సంకేతాలను నమోదు చేసే పరీక్ష) చేయించి తెలుసుకునే వరకు కరెంటు వాయిదా వేస్తున్నాము.