పాత కాళ్లపీట: గుడ్డ మార్చాలా, అలాగే ఉంచాలా?

మందారం:
పాత ఫుట్‌స్టూల్ ఒకదాని గురించి సలహా కావాలండి. పొడవు 40 సెం.మీ., వెడల్పు 30, ఎత్తు 24. లేత్ మీద తిప్పిన గుండ్రటి కాళ్లు, పైన ఉన్నితో కుట్టిన పూల పని. ఒక కాలు ఊగుతోంది. కదిపితే అడుగు నుంచి పొడి రాలుతోంది. ఇంకో కాలికి గుండుసూది తలంత రంధ్రాలు నాలుగైదు ఉన్నాయి. పూల గుడ్డ అంచుల్లో చివికింది. సోఫా ముందు రోజూ వాడాలని ఆశ. సోఫా సీటు ఎత్తు 44 సెం.మీ. నిజంగా పాతదేనా? గుడ్డ పీకితే విలువ పోతుందా? పాలిష్ గీకి కొత్తది వేయాలా?

కొయ్యపని:
ముందు తలకిందులు చేసి చూడండి. పైనున్న పూల కన్నా అడుగే ఎక్కువ చెప్తుంది. స్టేపుల్ పిన్నులు, ప్లస్ గుర్తు స్క్రూలు, ఫోమ్ కనబడితే 20వ శతాబ్దంలోనో ఆ తర్వాతో ఎవరో చేయి పెట్టినట్టు. అంతమాత్రాన పీట కొత్తదని కాదు, గుడ్డ తర్వాత మార్చి ఉండొచ్చు. చట్రం మీద మేకు రంధ్రాలు చూడండి. ఇప్పటి మేకులవి తప్ప వేరే రంధ్రాలు లేకపోతే అది బహుశా మొదటి గుడ్డే. పాత రంధ్రాలు గుంపులుగా ఉంటే రెండు మూడుసార్లు మారింది. కాలిని కాలిపర్‌తో (మందం కొలిచే పనిముట్టు) ఒకచోట రెండు దిక్కులా కొలవండి. కర్ర అన్ని వైపులా సమానంగా కుంచించుకుపోదు కాబట్టి పాత కాలు కాస్త కోలగా తేలుతుంది, కొత్తది సరిగ్గా గుండ్రంగా ఉంటుంది.

పొడిని తెల్ల కాగితం మీద రాల్చి వేళ్లతో నలపండి. గోధుమరంగు నారలా ఉంటే, మెత్తను మోయడానికి చట్రానికి అడ్డంగా బిగించే జనపనార పట్టీలు చివికినట్టు. జిగటగా, ముక్కలు ముక్కలుగా ఉంటే పాత ఫోమ్. లేతరంగులో పిండిలాగో సన్న ఇసుకలాగో ఉంటే పుచ్చు పురుగు. ఆ రంధ్రాలు పురుగు బయటికి పోయిన దారులు కాబట్టి, ఉన్నంత మాత్రాన లోపల ఇంకా ఉన్నట్టు కాదు. పొడి దులిపేసి, రంధ్రాల మీద పల్చటి టిష్యూ కాగితం అంటించి ఒక వేసవి ఆగండి. కాగితానికి చిల్లు పడితే బతికే ఉంది. అప్పుడు చెక్కకు వాడే పురుగుమందు వేయించాలి. అది తేలేదాకా వేరే చెక్క సామానుకు దూరంగా ఉంచండి.

ఊగే కాలికి మేకు కొట్టకండి. పాత కర్ర చీలుతుంది, తర్వాత విప్పడమూ కష్టం. అప్పట్లో ఎక్కువగా వాడింది జంతు చర్మం నుంచి కాచిన జిగురు, వేడికీ తడికీ మెత్తబడుతుంది. కీలులోకి సిరంజితో వేడినీళ్లు కొద్దికొద్దిగా ఎక్కించి, పావుగంట ఆగి మెల్లగా తిప్పుతూ లాగండి. కుసి (కీలులో దూరే కాలి కొస) మీదున్న పాత జిగురు గోరువెచ్చని నీళ్లతో కడిగి, ఒకరోజు ఆరనిచ్చి, అదే రకం జిగురుతో అతికించి 24 గంటలు క్లాంప్ వేసి ఉంచండి. తెల్లజిగురు పాత జిగురు మీద పట్టదు. మళ్లీ మళ్లీ ఊడుతున్న పీటల్లో సాధారణంగా కారణం ఇదే. కుసి వదులైతే జిగురు మందంగా నింపొద్దు. చిత్రికతో తీసిన పల్చటి చెక్కపొర చుట్టి బిగువు చేయండి.

పాలిష్ గీకొద్దు. కనబడని చోట స్పిరిట్‌లో ముంచిన దూదితో తాకండి. జిగటగా కరిగితే అది లక్క పాలిష్. మెత్తటి గుడ్డతో మురికి తుడిచి, మైనం ఒక్క పూత పల్చగా రాస్తే చాలు. ఉప్పుకాగితం పెడితే చేతులు తగిలి తగిలి వచ్చిన ఆ నునుపు పోతుంది, మళ్లీ రాదు.

సూదీదారం:
పూల పని గురించి చెప్తాను. వెనకవైపు చూడండి, అసలు రంగు అక్కడే తెలుస్తుంది. రసాయన రంగులు వచ్చింది 1856లో ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్త పెర్కిన్ మావ్ అనే ఊదా రంగు కనిపెట్టాకే. కాబట్టి వెనక మిరుమిట్లు గొలిపే ఊదా, గులాబీ రంగులుంటే కుట్టు ఆ తర్వాతిదనుకోవచ్చు.

దాన్ని ఉతకొద్దు, రంగు దిగుతుంది. సన్నటి వల పరిచి దాని మీద నుంచి తక్కువ వేగంతో వాక్యూమ్ పట్టండి. ఉన్ని పురుగు అనుమానముంటే గుడ్డను విడిగా తీశాక ప్లాస్టిక్ సంచిలో గాలి తీసి మూసి, −18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా సంచి విప్పకండి, లేకపోతే గుడ్డకు చెమ్మ పడుతుంది.

పట్టీలు చివికితే మార్చక తప్పదు. మేకులు తీసేటప్పుడు ఉలిని కొడతితో (చెక్క సుత్తి) కొడుతూ కర్ర రేఖ వెంట నడిపించండి, అడ్డంగా పెడితే అంచు పెచ్చులూడుతుంది. మాస్క్ పెట్టుకోండి. మీ కొలతకు 5 సెం.మీ. వెడల్పు జనపనార పట్టీ పొట్టి దిక్కున ఐదు, పొడవు దిక్కున నాలుగు, చాప అల్లినట్టు వేయాలి. లెక్కకు నాలుగు మీటర్లు, లాగి పట్టుకోవడానికి చివర్లు కావాలి గనక ఐదు తీసుకోండి. ముందే ముక్కలు కోయొద్దు. చివర 2.5 సెం.మీ. మడిచి 13 మి.మీ. మేకులు ఐదు, ఎగుడుదిగుడుగా కొట్టండి. ఒకే గీతలో కొడితే చట్రం ఆ గీత వెంటే చీలుతుంది. రెండో వైపు లాగి మేకులు కొట్టాక కోసి, మడిచి, ఇంకో రెండు మేకులు. మీటితే డప్పులా మోగాలి. కీళ్లు వదులుగా ఉండగా ఇంత బిగిస్తే చట్రం లోపలికి వంగుతుంది, అందుకే కీళ్ల పని ముందు, పట్టీలు తర్వాత.

పట్టీల మీద గోనెగుడ్డ, దాని మీద గుర్రపు వెంట్రుక. పాతదాన్ని పారేయొద్దు. చేత్తో విడదీసి, సబ్బునీళ్లలో ఉతికి ఆరబెడితే మళ్లీ పనికొస్తుంది, తక్కువైన మేరకు కొత్తది కలపండి. అరచేత్తో గట్టిగా నొక్కితే చట్రం అంచు చేతికి తగలకూడదు. ఆపైన నూలు గుడ్డ బిగించి, దూది పొర పరిచి, చివర్న పై గుడ్డ. నాలుగు వైపులా నడుమ ఒక్కో మేకు సగం దిగేలా కొట్టి, పోగులు నిటారుగా ఉన్నాయని చూసుకుని అంచులకు వెళ్లండి. మూలలు ఆఖర్న.

మందారం:
స్టేపుల్ గన్, ఫోమ్ వాడితే కుదరదా?

సూదీదారం:
పట్టీలకు వద్దు, సన్నటి పిన్ను నారను కోసేస్తుంది. పై గుడ్డకు ఫర్వాలేదు, చట్రమంతా మేకు రంధ్రాలతో జల్లెడైపోతే 10 మి.మీ. స్టేపులే నయం. ఫోమ్ మాత్రం నేను ఒప్పుకోను. గుమ్మటంలా ఉండాల్సింది పెట్టెలా పలకలు తేలుతుంది. కొన్నేళ్లకు పొడిగా రాలి కుట్టు వెనక అంటుకుంటుంది, అది వదలదు.

నడవా:
సూదీదారం గారు చెప్పినవన్నీ సరే, కానీ చివికిన ఆ గుడ్డను రోజువారీ మడమల కింద మళ్లీ బిగించకండి. దాన్ని పీకి, రాలిన అంచులకు నూలు గుడ్డ ఊతంగా కుట్టి, ఆమ్లం లేని కాగితంలో చుట్టి దాచండి. పీటకు మందపాటి నూలు గుడ్డతో నాడాలున్న తొడుగు కుట్టి అడుగున ముడి వేస్తే కొత్త మేకు ఒక్కటీ అక్కర్లేదు. మీ కొలతకు 70 × 60 సెం.మీ. ముక్క చాలు.

ఎత్తు సంగతి. కాళ్లు చాపుకోవడానికి పీట సీటుతో సమానంగానో, మూడు నుంచి ఐదు సెం.మీ. తక్కువగానో ఉండాలి. మీ సోఫాకు 24 చాలా తక్కువ, మడమలు కిందికి వేలాడి మోకాళ్ల వెనక లాగుతుంది. కాళ్లకు ముక్కలు అతికి పెంచకండి, పీట చెడుతుంది. నిటారుగా కూర్చుని చదువుకునే కుర్చీ ముందు పాదాలు ఆనించడానికి ఈ ఎత్తు చక్కగా సరిపోతుంది. నేరుగా ఎండ పడే కిటికీకీ, హీటరుకూ దూరంగా ఉంచండి. ఉన్ని వెలిసిపోతుంది, జిగురు ఎండి కీలు విడుతుంది. నడిచే దారిలో వద్దు, ఇంత పొట్టి వస్తువు చీకట్లో కనబడదు. దాని మీదెక్కి పైఅర అందుకోవడం అసలు వద్దు, ఆ కాళ్లు పక్కకు పడే బరువును ఆపలేవు.