షాక్‌కి వీఎఫ్ ఆగుతోంది, వెంటనే మళ్లీ వస్తోంది: పొటాషియం 2.6 అయితే ఏం చేయాలి?

ప్రశ్న: ఐసీయూలో పని చేసేవారికి సందేహం. షాక్‌కి వీఎఫ్ (వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్, గుండె కింది గదులు వణుకుతూ రక్తం పంప్ చేయలేని స్థితి) ఆగి, నిమిషంలోపే తిరగబెడుతుంటే జూల్స్ (షాక్ శక్తి) పెంచాలా, 2.6కి తగ్గిన పొటాషియం చూడాలా? మెగ్నీషియం రిపోర్టు నార్మలే.

జవాబు 1: వీఎఫ్ ఆగుతోందంటే షాక్ తన పని చేసినట్టే మేడమ్. తిరగబెట్టడానికి కారణం వేరే ఉంది. పొటాషియం తగ్గితే గుండె కణాలు రీపోలరైజ్ కావడం (బీటు తర్వాత విద్యుత్‌పరంగా మళ్లీ సిద్ధమవడం) ఆలస్యమై క్యూటీ (ఈసీజీలో బీటు మొదలు నుంచి ఇది పూర్తయ్యేదాకా ఉండే వ్యవధి) సాగుతుంది. ఆ వ్యవధిలో పుట్టే అదనపు బీటే మళ్లీ వీఎఫ్‌కి దారితీస్తుంది. అలాగని రిపోర్టు కోసం షాక్, సీపీఆర్ ఆపకూడదు. బ్లడ్ గ్యాస్ మిషన్‌లో పొటాషియం నిమిషాల్లో తెలుస్తుంది.

మెగ్నీషియం నార్మల్ అని వదలొద్దు. ఒంట్లో ఉన్న మెగ్నీషియంలో రక్తంలో ఉండేది దాదాపు ఒక శాతమే. అది తక్కువైతే మీరెక్కించిన పొటాషియం మూత్రంలో పోతూనే ఉంటుంది. టోర్సాడ్స్ (క్యూటీ సాగినప్పుడు వచ్చే, ఈసీజీలో మెలితిరిగినట్టు కనిపించే వేగమైన లయ) అయితే మెగ్నీషియం సల్ఫేట్ 2 గ్రాములు: 50 శాతం మందు 4 మి.లీ., 10 మి.లీ.కి పలచన చేసి. పల్స్ లేకపోతే ఒకేసారి బోలస్‌గా, ఉంటే 10–15 నిమిషాల్లో. తొందరపడితే బీపీ పడిపోతుంది. మామూలు వీఎఫ్‌లో ప్రతివారికీ ఇచ్చే మందు కాదిది.

పల్స్ తిరిగొచ్చాక పొటాషియం పెరిఫెరల్ లైన్‌లో గంటకు 10 మిల్లీ ఈక్వివలెంట్లు, సెంట్రల్ లైన్‌లో మానిటర్ చూస్తూ 20. సలైన్‌లోనే కలపండి. డెక్స్ట్రోజ్‌లో కలిపితే ఇన్సులిన్ పెరిగి పొటాషియం కణాల్లోకి పోతుంది. ఆంపుల్ నేరుగా పుష్ చేయడం ప్రాణాంతకం, ఎప్పుడూ వద్దు. 4 దాటేదాకా మళ్లీ మళ్లీ పరీక్ష చేయాలి.

ప్రశ్న: డయాలిసిస్ పేషెంట్లలోనూ ఇంతేనా సార్?

జవాబు 2: అక్కడ ముందు పొటాషియం పెరిగిందనే అనుమానించాలి. క్యూఆర్‌ఎస్ (ఈసీజీలో కింది గదుల బీటు గుర్తు) వెడల్పై అలల్లాంటి సైన్ వేవ్‌లా కనిపిస్తే షాకొక్కటే నిలబెట్టదు. 10 శాతం కాల్షియం క్లోరైడ్ 10 మి.లీ., లేదా గ్లూకోనేట్ 30 మి.లీ. ఇవ్వాలి. కాల్షియం గుండెను కాపాడుతుందే గానీ పొటాషియం తగ్గించదు, ప్రభావం అరగంట నుంచి గంట. అందుకే వెంటనే ఇన్సులిన్ 10 యూనిట్లు, గ్లూకోజ్ 25 గ్రాములు. బైకార్బ్ (సోడియం బైకార్బొనేట్) అదే లైన్‌లో ఇవ్వాల్సొస్తే మధ్యలో సలైన్‌తో ఫ్లష్ చేయండి, లేదంటే కాల్షియం గడ్డకట్టి లైన్ మూసుకుపోతుంది.

జవాబు 1: ఐసీడీ (ఒంట్లో అమర్చే, తనంతట తానే షాక్ ఇచ్చే పరికరం) ఉన్నవాళ్లలో ఇంకో చిక్కు. పొటాషియం బాగా పెరిగితే ఆ పరికరం వెడల్పాటి క్యూఆర్‌ఎస్‌నీ, పెద్దదైన టీ వేవ్‌నీ రెండు బీట్లుగా లెక్కపెట్టి అనవసరంగా షాక్ ఇవ్వొచ్చు. పేసింగ్ (బీటు కోసం అది పంపే చిన్న సంకేతం) కూడా పట్టకపోవచ్చు. అప్పుడు సెట్టింగులు మార్చేముందు శాంపిల్ పంపండి. హీమోలైజ్ అయిన (ఎర్రకణాలు పగిలిన) శాంపిల్ పొటాషియాన్ని ఎక్కువగా చూపిస్తుంది కాబట్టి ఈసీజీతో పోల్చి చూడండి.