అయాన్, ఆమ్లం, ఐసోటోప్: మూడూ కలగాపులగం అయిపోతున్నాయి, కాస్త విడమరిచి చెప్పండి

అడిగినవారు (విజయవాడ, సత్యనారాయణపురం):

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం బైపీసీ. నేను కామర్స్ చదివాను, వాడు అడిగేవాటికి జవాబు చెప్పలేకపోతున్నాను. సోడియం నీళ్ళలో వేస్తే మండుతుందట, క్లోరిన్ విష వాయువట, మరి రెండూ కలిసిన ఉప్పు మనం రోజూ ఎలా తింటున్నాం అని అడిగాడు.

ఇంకో సంగతి కూడా ఉంది. మా చెల్లికి థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందని వచ్చే నెల రేడియో అయోడిన్ మందు ఇస్తామన్నారు. దానికి ముందు కొన్ని రోజులు అయోడిన్ ఉప్పు మానేయమన్నారు. మందు వేసుకున్నాక కొన్నాళ్ళు పిల్లల్ని దగ్గరికి తీసుకోవద్దన్నారు. ఉప్పులో ఉండేదీ అయోడినే, మందులో ఉండేదీ అయోడినే అయినప్పుడు ఒకటి మంచిది, ఒకటి ప్రమాదం ఎలా అయింది? ఇంట్లో అందరం టెన్షన్‌గా ఉన్నాం.

జవాబు (గుంటూరు, బ్రాడీపేట, కెమిస్ట్రీ లెక్చరర్):

అమ్మా, మీ రెండు ప్రశ్నలకీ మూలం ఒకటే. పరమాణువులో ఏది మారింది అని చూసుకుంటే చిక్కు విడిపోతుంది.

మధ్యలో కేంద్రకం ఉంటుంది, అందులో ప్రోటాన్లు, న్యూట్రాన్లు. చుట్టూ ఎలక్ట్రాన్లు. ప్రోటాన్లు ఎన్ని అన్నదాన్ని బట్టే అది ఏ మూలకమో తేలుతుంది. 11 ఉంటే సోడియం, 53 ఉంటే అయోడిన్. ఎలక్ట్రాన్ల లెక్క మారితే అయాన్. న్యూట్రాన్ల లెక్క మారితే ఐసోటోప్.

సోడియం లోహానికి బయటి కక్ష్యలో ఒక్క ఎలక్ట్రాన్ ఉంది. దాన్ని వదిలించుకోవాలనే ఆత్రంలోనే నీళ్ళలో పడగానే అంత గొడవ చేస్తుంది. క్లోరిన్‌కి సరిగ్గా ఒక ఎలక్ట్రాన్ తక్కువ. ఉప్పులో ఆ ఇచ్చిపుచ్చుకోవడం ఎప్పుడో అయిపోయింది. మనం తినేది సోడియం లోహం కాదు, ఎలక్ట్రాన్ ఇచ్చేసి నెమ్మదించిన సోడియం అయాన్. క్లోరిన్ వాయువు కాదు, ఎలక్ట్రాన్ తీసుకున్న క్లోరైడ్ అయాన్. పేరు ఒకటే, నడవడి పూర్తిగా వేరు. మీ అబ్బాయికి ఈ ఒక్క వాక్యం పట్టుబడితే చాలు, మిగతా పాఠం తేలికగా వస్తుంది.

ఇక అయోడిన్. ప్రకృతిలో దొరికేదంతా అయోడిన్ 127. అంటే 53 ప్రోటాన్లు, 74 న్యూట్రాన్లు. మీ చెల్లెలికి ఇచ్చేది అయోడిన్ 131, దాంట్లో న్యూట్రాన్లు 78. ఆ నాలుగు న్యూట్రాన్లు ఎక్కువవడం వల్ల కేంద్రకం నిలకడగా ఉండలేక బీటా కణాన్ని (వేగంగా దూసుకొచ్చే ఎలక్ట్రాన్‌ని) వదిలి జీనాన్‌గా మారుతుంది. ఆ బీటా కణాలే థైరాయిడ్ గ్రంథిలోని జీవకణాలను తగ్గిస్తాయి. వాటితోపాటు గామా కిరణాలూ వస్తాయి, అవి శరీరం దాటి బయటికి రాగలవు. పిల్లల్ని దూరంగా ఉంచమనేది ముఖ్యంగా అందుకే.

థైరాయిడ్ గ్రంథి రక్తంలోంచి అయోడైడ్ అయాన్‌ని (ఎలక్ట్రాన్ తీసుకున్న అయోడిన్‌ని) లాక్కుంటుంది. దానికి తెలిసింది ఆ అయాన్ విద్యుదావేశం, పరిమాణం మాత్రమే. కేంద్రకంలో 74 ఉన్నాయా 78 ఉన్నాయా అన్నది దానికి తెలియదు. ఈ తేడా తెలియకపోవడమే ఇక్కడ మందుకి కలిసివచ్చింది. ముందునుంచీ ఉప్పు అయోడిన్‌తో గ్రంథి నిండిపోయి ఉంటే మందు లోపలికి తక్కువ వెళ్తుంది. అందుకే ముందుగా ఆ ఉప్పు ఆపమంటారు.

అయోడిన్ 131 అర్ధజీవితకాలం సుమారు 8 రోజులు. 8 రోజులకి సగం, 16కి పావు, 24కి అందులో సగం. పైగా మూత్రంలో కూడా బయటికి పోతుంది కాబట్టి నిజానికి ఇంకా త్వరగా తగ్గుతుంది. నీళ్ళు బాగా తాగమనేది, బాత్రూమ్ వాడాక నీళ్ళు ఎక్కువ పోయమనేది అందుకే.

రేడియోధార్మికత అన్న మాట వినగానే భయపడకండి. మన ఒంట్లో ఉన్న పొటాషియంలో సుమారు ప్రతి పదివేల పరమాణువుల్లో ఒకటి పొటాషియం 40, అదీ రేడియోధార్మికమే. పెద్దవాళ్ళ శరీరంలో సెకనుకి సుమారు 4,000 కేంద్రకాలు అలా మారుతూనే ఉంటాయి. అలాగని ఆస్పత్రి వాళ్ళు చెప్పిన జాగ్రత్తలు తేలిగ్గా తీసుకోవద్దు. మందులో ఇచ్చే మోతాదు దీనికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఎన్ని రోజులు, ఎంత దూరం అన్నది వాళ్ళు ఎలా చెబితే అలాగే.

జవాబు (విజయవాడ, ల్యాబ్ టెక్నీషియన్):

లెక్చరర్ గారు బాగా చెప్పారు. అయాన్ల గురించి రోజూ మా చేతుల్లో జరిగేది ఒకటి చెప్తాను, మీ అబ్బాయికి గుర్తుండిపోతుంది.

డాక్టర్లు ఎలక్ట్రోలైట్స్ అని రక్త పరీక్ష రాసిస్తారు కదా, అది అయాన్ల లెక్కే. రక్తంలో సోడియం లీటరుకి 135 నుంచి 145 మిల్లీమోల్స్, పొటాషియం 3.5 నుంచి 5 దాకా ఉండాలి. కణం లోపల మాత్రం ఇది తిరగబడుతుంది, అక్కడ పొటాషియం 140 దాకా ఉంటుంది. ప్రతి కణం పొరలోనూ ఒక పంపు ఉంది, మూడు సోడియం అయాన్లను బయటికి నెట్టి రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. దీన్ని 1957లో గుర్తించిన యెన్స్ స్కౌకి 1997లో నోబెల్ వచ్చింది. ఆ పంపు నడవడానికి కణాలకి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం కావాలి. ఏటీపీ అంటే సైరస్ ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు బయటపెట్టిన పదార్థమే అని మీవాడికి తప్పకుండా చెప్పండి.

రక్తం తీసేటప్పుడు ట్యూబ్ గట్టిగా ఊపితే ఎర్ర కణాలు పగిలి లోపలి పొటాషియం బయటికి వచ్చేస్తుంది. రిపోర్టులో పొటాషియం 6 దాటి కనపడుతుంది, మనిషి మాత్రం బాగానే ఉంటాడు. మా ఇంట్లోనే ఒకసారి అలా జరిగి రాత్రంతా నిద్రపోలేదు. పొద్దున్నే మళ్ళీ తీస్తే మామూలుగా వచ్చింది. పొటాషియం నిజంగా పెరిగితే గుండెకి ప్రమాదం కాబట్టి ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించాలి, అవసరమైతే వాళ్ళే మళ్ళీ రక్తం తీయిస్తారు.

అడిగినవారు:

ఇద్దరికీ ధన్యవాదాలు. సగం భారం దిగిపోయింది. ఆమ్లం మిగిలిపోయింది. ఆల్కలైన్ నీళ్ళ మిషన్ అమ్మే ఆయన ఇంటికొచ్చి, మీరు గోంగూర, చింతపండు తింటారు కాబట్టి రక్తం ఆమ్లంగా మారిపోతుంది అన్నాడు. మా అత్తగారు కొనేద్దాం అంటున్నారు.

జవాబు (గుంటూరు, కెమిస్ట్రీ లెక్చరర్):

అందుకోసమైతే కొనకండి. పెద్దావిడకి ఇలా చెప్పి చూడండి: మన జీర్ణాశయంలో ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఏ గోంగూర పచ్చడి కన్నా పులుపు. అక్కడ పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 2కి అటూ ఇటూ ఉంటుంది. ఆ క్షారపు (ఆల్కలైన్) నీళ్ళు ముందు పడేది అందులోనే, పడగానే వాటి క్షారగుణం పోతుంది.

ఆమ్లం అంటే హైడ్రోజన్ అయాన్‌ని ఇచ్చేది. హైడ్రోజన్‌కి ఉన్నదే ఒక ప్రోటాన్, ఒక ఎలక్ట్రాన్. ఆ ఎలక్ట్రాన్ పోతే మిగిలేది ఉత్త ప్రోటాన్. మామూలుగా రక్తంలో ప్రతి 35 లక్షల సోడియం అయాన్లకి ఇది ఒకటి మాత్రమే ఉంటుంది. ఇంత తక్కువ ఉన్నా దీనిమీద శరీరానికి ఎంత కాపలా ఉందో! పీహెచ్ 7.35, 7.45 మధ్యలోనే ఉండాలి, లేకపోతే ప్రోటీన్ల ఆకారం, పని రెండూ చెడతాయి. పీహెచ్ ఒక అంకె తగ్గితే హైడ్రోజన్ అయాన్లు పదిరెట్లు పెరిగినట్టు.

కాపలా ఎవరంటే, రక్తంలోని బైకార్బొనేట్ అయాన్. ఎక్కువైన హైడ్రోజన్ అయాన్‌ని అది పట్టుకుంటే కార్బోనిక్ ఆమ్లం అవుతుంది, అది నీరుగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది, ఆ వాయువు ఊపిరిలో బయటికి పోతుంది. మిగిలిన పని మూత్రపిండాలది. నిమ్మకాయలోని సిట్రిక్ ఆమ్లమైతే కణాల్లో ఖర్చయిపోయి నీరు, కార్బన్ డయాక్సైడే అవుతుంది.

పులుపు వల్ల నిజంగా నష్టపోయేవి పళ్ళు. నోట్లో పీహెచ్ 5.5 కన్నా తగ్గితే పంటి ఎనామిల్ కరగడం మొదలవుతుంది. పులుపు తిన్నాక నీళ్ళతో పుక్కిలించమనండి, వెంటనే బ్రష్ చేయవద్దనండి.

జవాబు (బాపట్ల, అగ్రికల్చర్ చదివినవాడిని):

మేడం, ఒక్క చిన్న సవరణ. శరీరానికి న్యూట్రాన్లు తెలియవు అన్నది దాదాపు నిజం, పూర్తిగా కాదు. కార్బన్ 13 కాస్త బరువు కాబట్టి మొక్కలు కార్బన్ 12నే కొంచెం ఎక్కువగా తీసుకుంటాయి. వరిలో ఈ తేడా ఎక్కువ, మొక్కజొన్న, చెరకుల్లో తక్కువ. వాటిలో కిరణజన్య సంయోగక్రియ దారి వేరు. తేనెలో చెరకు పాకం కలిపారేమో కనిపెట్టే పరీక్షల్లో ఒకటి దీని మీదే ఆధారపడింది. తేనెటీగలు వాలే పూల మొక్కల్లో ఎక్కువ భాగం వరి తరహావే, కాబట్టి చెరకు కార్బన్ లెక్క తేడాగా కనపడుతుంది.

జవాబు (గుంటూరు, కెమిస్ట్రీ లెక్చరర్):

నిజమే బాబూ, ఆ మాట నేను చెప్పి ఉండాల్సింది. అయోడిన్ లాంటి బరువైన పరమాణువులో నాలుగు న్యూట్రాన్ల తేడా చాలా స్వల్పం, అందుకని గ్రంథికి తెలియదు. పరమాణువు చిన్నదయ్యేకొద్దీ తేడా తెలుస్తుంది. హైడ్రోజన్‌కి ఒక న్యూట్రాన్ చేరితే బరువు రెట్టింపే.

అడిగినవారు:

మావాడు ఇదంతా నోట్సులో రాసుకున్నాడు. మిషన్ వద్దని అత్తగారు ఒప్పుకున్నారు. చెల్లికి ఉప్పు ప్యాకెట్ మార్చాం. అయితే ఇంట్లో ఆవకాయ, మాగాయ కూడా అయోడిన్ ఉప్పుతోనే పెట్టాం కదా అని ఇప్పుడు గుర్తొచ్చింది. ఫోన్ చేసి అడిగితే, పచ్చళ్ళు కూడా ఆపాలి, సముద్రపు చేపలు, రొయ్యలు కూడా వద్దన్నారు. కల్లుప్పు వాడొచ్చా అంటే, ప్యాకెట్ తీసుకొచ్చి చూపించమన్నారు. రేపు వెళ్తున్నాం.