సెల్ఫ్ మోటారు వెనుక కోర్ ప్లగ్గు కారుతోంది: ఇంజిను దింపకుండా మార్చవచ్చా?

ప్రశ్న (కళ్యాణదుర్గం నుంచి)

అందరికీ నమస్కారం. నా వద్ద పదహారేళ్ళ నాటి డీజిల్ జీపు ఉంది. తోటలోని చీనీకాయలను అనంతపురం మార్కెట్టుకు దీనిలోనే చేరవేస్తాను. రెండు వారాలుగా రేడియేటర్‌లో నీరు తగ్గుతూ ఉండడంతో అద్దం పెట్టి వెతికాను. సెల్ఫ్ మోటారుకూ ఇంజిన్ మౌంటింగ్‌కూ మధ్య, ఇంజిన్ బ్లాకుకు బిగించిన గిన్నె వంటి బిళ్ళ (కోర్ ప్లగ్గు, దీనినే ఫ్రీజ్ ప్లగ్గు అని కూడా అంటారు) తుప్పు పట్టి, దాని అంచు నుంచి నీరు చెమరుస్తున్నట్లు కనిపించింది. అక్కడ సుత్తి ఆడించడానికి జానెడు చోటు కూడా లేదు కనుక ఇంజినును దింపక తప్పదని మా మేస్త్రి అంటున్నారు. కాయ కోతకు వచ్చిన ఈ సమయంలో బండిని వారం రోజులు నిలపడం నాకు చాలా కష్టం. వేరే మార్గం ఉన్నదా? నీరు గడ్డకట్టే చలి లేని మన సీమలో ఈ ఫ్రీజ్ ప్లగ్గు ఎందుకు చెడిపోయింది?

జవాబు (కడప నుంచి)

పై గొట్టం నుంచో వాటర్ పంపు నుంచో జారిన నీరు కూడా ఆ బిళ్ళ మీదికి చేరుతుంది. కనుక ముందుగా ఆ భాగాన్ని పొడిగా తుడిచి, ఇంజినును వేడెక్కించి, నీరు మొదట ఎక్కడ పుడుతున్నదో చూడండి. రేడియేటర్‌లో ఇన్నాళ్ళూ ఏ నీరు పోశారు?

జవాబు (కర్నూలు నుంచి, డీజిల్ మెకానిక్)

పేరులో ఫ్రీజ్ ఉన్నా, ఆ రంధ్రాలు బ్లాకును పోత పోసినప్పుడు లోపలి ఇసుకను తీయడానికి వదిలినవి. బిళ్ళలు వాటికి మూతలు మాత్రమే. పలుచని ఇనుప రేకు కనుక, కూలెంట్ లేని నీరు తగిలితే లోపలి వైపు నుంచి తుప్పు తింటుంది. బయటికి చెమ్మ కనిపించేసరికి లోపల చాలా వరకు పోయి ఉంటుంది.

మీరు చెప్పిన చోటికి ఇంజినును దింపవలసిన పని లేదు. ఇంజిను పూర్తిగా చల్లారాక బ్యాటరీ తీగ తీసి, నీటిని ఖాళీ చేసి, సెల్ఫ్ మోటారును విప్పండి. మౌంటింగ్ కూడా విప్పవలసి వస్తే, ఆయిల్ చాంబర్ కింద వెడల్పాటి చెక్క పెట్టి జాకీతో ఇంజిను బరువును ఆపాలి. పాత బిళ్ళను లోపలికి దిగగొట్టవద్దు. దాని వెనుక కొద్ది దూరంలోనే సిలిండర్ గోడ ఉంటుంది. బిళ్ళ నడుమ చిన్న రంధ్రం చేసి, స్క్రూ బిగించి, పట్టకారుతో బయటికి లాగండి. డ్రిల్లు లోతుకు జారకుండా మొనకు కొంచెం వెనుక టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి.

రంధ్రపు గోడను ఎమరీ కాగితంతో శుభ్రం చేసి, సీలెంట్ పలుచగా పూసి, కొత్త బిళ్ళను నిటారుగా కూర్చోబెట్టాలి. సుత్తి ఆడని చోట కొట్టడం కాదు, నొక్కడమే మార్గం. బిళ్ళ గిన్నెలో సరిపోయే సాకెట్ పెట్టి, దానికీ ఛాసిస్‌కూ మధ్య బోల్టూ పొడవాటి నట్టూ అడ్డంగా నిలిపి, నట్టును తిప్పుతూ పోతే బిళ్ళ మెల్లగా లోపలికి దిగుతుంది. ఇంజిను రబ్బరు మీద ఊగుతుంది కనుక అవతలి వైపు చెక్క ఆనించడం మరువవద్దు. బ్రేకు పైపు మీద మాత్రం ఏదీ ఆనకూడదు. బిళ్ళ అంచు రంధ్రపు అంచుకు కొద్దిగా లోపలికి చేరగానే ఆపండి.

ఇంజిను చివర గేర్ బాక్సు వైపు తిరిగే బరువైన చక్రం, అంటే ఫ్లైవీల్, వెనుక ఉండే బిళ్ళ కారితే మాత్రం ఈ ఉపాయం చెల్లదు. అప్పుడు గేర్ బాక్సు దింపాలి.

ప్రశ్న అడిగిన వారు

ఆరేళ్ళుగా తోట బోరు నీటినే పోస్తున్నాను. బోల్టు తిప్పి బిగించే రబ్బరు ప్లగ్గు పెడితే పని జరుగుతుందా?

జవాబు (ప్రొద్దుటూరు నుంచి, లేత్ పని)

దారిలో ఆగిపోయినప్పుడు ఇంటికి చేరడానికి అది మంచిదే. లోడు ఎత్తే డీజిల్ బండికి శాశ్వతంగా దానిని నమ్మమని నేను చెప్పను. రంధ్రం వ్యాసాన్ని కాలిపర్‌తో కొలిచి, దొరికితే ఇత్తడి బిళ్ళ తీసుకోండి, అది తుప్పు పట్టదు. సాకెట్ వదులుగా ఉంటే బిళ్ళ వంకరగా దిగుతుంది. గిన్నె కొలతకు ఒక ఇనుప దిమ్మెను తరిమెన పట్టిస్తే బిళ్ళ నిటారుగా కూర్చుంటుంది, అది ఏ లేత్ మీదనైనా కొద్దిసేపటి పని.

ప్రశ్న అడిగిన వారు (తొమ్మిది రోజుల తరువాత)

మేస్త్రి గారికి ఇవన్నీ చదివి వినిపించాను. దిమ్మె చేయించి, ఇద్దరం కలిసి ఒక పూటలో ఇత్తడి బిళ్ళ కూర్చోబెట్టాము. పాత బిళ్ళ వెనుక బోరు నీటి సున్నపు పెచ్చు వేలి మందాన పేరుకొని ఉంది. బ్లాకును కడిగి, కూలెంట్‌నూ డిస్టిల్డ్ నీటినీ సమంగా కలిపి పోసి, గాలి బుడగలు ఆగేవరకు ఇంజినును నడిపాము. అనంతపురానికి మూడు లోడ్లు వేశాను, చెమ్మ కనిపించలేదు. పక్కనున్న రెండు బిళ్ళలూ అదే వయసువి కనుక, కోత ముగిశాక వాటినీ మార్పిస్తాను.