పాటలు బానే వస్తాయి, కాల్ ఎత్తితే గరగర: తప్పు హెడ్‌సెట్‌దా రౌటర్‌దా?

గరగర బాధితుడు:
మూడు నెలలుగా ఇదే గోల. ఆఫీసు కాల్స్ అన్నీ ల్యాప్‌టాప్‌లో బ్లూటూత్ హెడ్‌సెట్ పెట్టుకునే మాట్లాడతా. పొద్దున బానే ఉంటుంది, సాయంత్రం మా పాప పక్క గదిలో ట్యాబ్ పట్టుకుని వీడియోలు మొదలెట్టిందంటే ఇక నా గొంతు ముక్కలు ముక్కలుగా వెళ్తుందట, మా మేనేజరు గారైతే బావిలోంచి మాట్లాడుతున్నావా అన్నారు. చిత్రం ఏంటంటే అదే టైములో పాటలు పెడితే ఒక్క గీత కూడా పడదు. హెడ్‌సెట్ మార్చా, రెండోది కూడా అంతే. ఫోన్‌కి కలిపి మాట్లాడితే చాలావరకు బానే ఉంటుంది. రౌటర్ నా టేబుల్ మీదే జానెడు దూరంలో ఉంది, సిగ్నల్ ఫుల్లు.

వైరే వరం:
వైరు హెడ్‌ఫోన్ కొనుక్కో బ్రో. చార్జింగ్ గోల కూడా ఉండదు.

పాతరేడియో:
జానెడు దూరంలో పెట్టుకుని సిగ్నల్ ఫుల్లు అని మురిసిపోతున్నారు కానీ ఒకసారి ఆలోచించండి. వైఫై పాత బ్యాండు, అంటే అది వాడుకునే రేడియో తరంగాల జాగా, 2.4 గిగాహెర్ట్జ్, బ్లూటూత్ కాపురం కూడా అక్కడే, 2.402 నుంచి 2.480 దాకా. హెడ్‌సెట్లలో ఉండే బ్లూటూత్ ఆ జాగాని 79 ముక్కలు చేసుకుని సెకనుకి 1600 సార్లు ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకి గెంతుతూ ఉంటుంది. వైఫై కూర్చున్న చోటు వదిలేసి మిగతా వాటిల్లో గెంతే తెలివి కూడా ఉంది దానికి, 2003లో వచ్చిన 1.2 వెర్షన్ నుంచీ. కానీ రౌటర్‌లో ఛానెల్ వెడల్పు 40 మెగాహెర్ట్జ్ అని ఉంటే సగం జాగా అదే ఆక్రమించేస్తుంది, ఇక గెంతడానికి చోటేదీ? 20కి దించండి. ఛానెల్ కూడా 1, 6, 11లో ఏదో ఒకటి పెట్టండి, 3, 4 లాంటివి పెడితే 1, 6ల మీదున్న చుట్టుపక్కల వైఫైలు రెండిటితోనూ గుద్దుకుంటాయి.
పాటలు ఎందుకు బాగుంటాయంటే, హెడ్‌సెట్ కాస్త ముందే నిలవ చేసుకుంటుంది, మధ్యలో ఏదైనా పోతే మళ్లీ తెప్పించుకునే టైము ఉంటుంది. కాల్‌లో అంత టైము ఎక్కడిది, మహా అయితే ఒకట్రెండు సార్లు ప్రయత్నిస్తుంది, అప్పటికీ రాకపోతే ఆ ముక్క పోయినట్టే.

మిద్దెమీద పిల్లి:
నాది ఇంకో కథ. ఒక చెవికే పెట్టుకునే హెడ్‌సెట్, కుడి చెవికి పెట్టి ఫోన్ ఎడమ వెనక జేబులో వేసుకుని నడిస్తే అడుగడుక్కీ కట్. ఈ ఫ్రీక్వెన్సీని నీళ్లు పీల్చుకుంటాయి, మన ఒళ్లంతా నీళ్ల బస్తాయే కదా. ఫోన్ కుడి జేబులోకి మార్చా, అంతే, పోయింది. రౌటర్‌ని చేపల తొట్టి వెనక పెట్టిన ఘనుణ్ణి కూడా నేనే, రెండేళ్లు నెట్ వాళ్లని తిట్టుకున్నా.
అందరూ వైఫై రెండో బ్యాండు 5 గిగాహెర్ట్జ్‌కి మారమంటారు గానీ మా ఇంట్లో రెండు గోడలు దాటితే అది చచ్చిపోతుంది.

ఊదా కేబుల్:
పాతరేడియో గారూ ఇంకోటి కలపండి. నా హెడ్‌సెట్‌కి కంప్యూటర్‌లో గుచ్చే చిన్న డాంగిల్ ఉంటుంది, దాని పక్క పోర్టులోనే యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ గుచ్చేవాణ్ణి, బ్యాకప్ మొదలవగానే చెవిలో చిటపటలు. యూఎస్‌బీ 3 కేబుళ్లు, కనెక్టర్లు ఈ 2.4 దగ్గరే రేడియో రొద కక్కుతాయని ఇంటెల్ వాళ్లే 2012లో పేపరు రాశారు. డాంగిల్‌ని పొడుగు కేబుల్‌తో టేబుల్ అవతలికి లాగా, చిటపట పోయింది.

తెల్లకాగితం:
అందరూ రౌటర్ని పట్టుకున్నారు గానీ మొదటి పోస్టు మళ్లీ చదవండి, ఫోన్‌కి కలిపితే బానే ఉంది అంటున్నారు. అంటే అనుమానించాల్సింది ల్యాప్‌టాప్‌ని. చాలా ల్యాప్‌టాప్‌లలో వైఫై, బ్లూటూత్ రెండూ ఒకే కార్డు మీద ఉంటాయి, యాంటెన్నా కూడా పంచుకుంటాయి. వైఫై 2.4లో ఉంటే రెండూ వంతులేసుకోవాలి. పాప వీడియోలతో గాలి బిజీ అయితే వైఫై పని ఆలస్యం, హెడ్‌సెట్ వంతు ఇంకా ఆలస్యం. నాకూ అచ్చం ఇదే అయ్యింది. రౌటర్‌లో 2.4, 5 రెండు బ్యాండ్లకీ ఒకే వైఫై పేరు ఉంటే ల్యాప్‌టాప్ దేనికి తగులుకుందో మనకి తెలీదు, పేర్లు విడగొట్టి చూడండి.

గరగర బాధితుడు:
అన్నా దొరికింది!! జానెడు దూరంలో ఉండి కూడా 2.4కే అతుక్కుని ఉంది నా ల్యాప్‌టాప్. పేర్లు విడగొట్టా, ల్యాప్‌టాప్‌ని 5కి మార్చి పాప ట్యాబ్‌ని 2.4లోనే ఉంచా, వెడల్పు 20కి దించా, రౌటర్ని అలమారా మీదికి ఎక్కించా. నిన్న సాయంత్రం గంటన్నర కాల్, పక్క గదిలో వీడియోలు నడుస్తూనే ఉన్నాయి, ఒక్క ముక్క పోలేదు. అన్నీ ఒకేసారి మార్చా కాబట్టి పనిచేసింది ఏదో మాత్రం అడక్కండి.
ఇంకో డౌటు, పాట వింటుండగా మీటింగ్‌లో చేరితే పాట డొక్కు రేడియోలా అయిపోతుంది, అది కూడా దీనివల్లేనా?

పాతరేడియో:
కాదండి, దానికి రౌటర్‌తో సంబంధం లేదు. మైకు వాడగానే హెడ్‌సెట్ పాటల మోడ్ వదిలేసి కాల్ మోడ్‌లోకి దిగుతుంది. అక్కడ స్టీరియో ఉండదు, శాంప్లింగ్ (సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తుందన్నది) కూడా మామూలుగా 8 లేదా 16 కిలోహెర్ట్జే. మీటింగ్ సెట్టింగ్స్‌లో మైకు దగ్గర ల్యాప్‌టాప్ మైకు ఎంచుకోండి, హెడ్‌సెట్‌ని వినడానికే ఉంచండి.

గరగర బాధితుడు:
పెట్టి చూశా. పాట బ్రహ్మాండంగా ఉంది గానీ పాప చూసే వీడియో కూడా మీటింగ్‌లో అందరికీ వినిపించిందట. మళ్లీ హెడ్‌సెట్ మైకే పెట్టేశా.