ఐటీ జాబ్ మార్కెట్ లేచిందంటున్నారు, మరి నాకు ఇంటర్వ్యూ కాల్స్ ఏవి?

ప్రశ్న: అన్నలకు నమస్తే. 2023లో బీటెక్ పాసయ్యా. దిల్‌సుఖ్‌నగర్‌లో రూము, జావా నేర్చుకున్నా. హైరింగ్ మళ్లీ మొదలైందంటున్నారు గానీ నాకొచ్చింది ఒక్కటే: థర్డ్ పార్టీ పేరోల్ (పని ఒక కంపెనీలో, జీతం ఇచ్చేది మధ్యలో ఇంకో కంపెనీ), ఆర్నెల్ల కాంట్రాక్టు, నెలకు 18 వేలు. నాన్నేమో పర్మనెంట్ వచ్చేదాకా ఆగమంటున్నాడు. చేరమంటారా?

జవాబు: తమ్ముడూ, నాది 2009 బ్యాచ్. మన ఐటీకి పని ఎక్కువగా వచ్చే అమెరికాలో మాంద్యం ఆ ఏడాది జూన్‌లోనే ముగిసిందని తర్వాత లెక్క తేల్చారు. నిరుద్యోగం మాత్రం పెరుగుతూ పోయి అక్టోబరులో 10 శాతం తాకింది. ఆర్డర్లు రాగానే కంపెనీ మనుషుల్ని తీసుకోదు. ముందు ఉన్నవాళ్లతోనే రాత్రి పదిదాకా పని చేయిస్తుంది, తర్వాత కాంట్రాక్టు వాళ్లు, పని నిలబడుతుందని నమ్మకం కుదిరాకే పర్మనెంట్. నీకొచ్చింది ఆ రెండో మెట్టు. చేరిపో. అమీర్‌పేటలో కూర్చుని మంచిదాని కోసం చూసిన మావాళ్లకు ఆ గ్యాప్ గురించే ప్రతి ఇంటర్వ్యూలో ప్రశ్న.

జవాబు: ప్రతిసారీ 2009లా ఉండదు అన్నా. కోవిడ్ తర్వాత 2021-22లో ఎగబడి తీసుకున్నారు. ఆ బరువు దిగడానికే టైం పట్టింది, 2023-24లో ఒక్క టీసీఎస్‌లోనే 13 వేల మందికి పైగా తగ్గారు. బెంచ్, అంటే ప్రాజెక్టు లేక ఖాళీగా ఉన్న ఉద్యోగులు, ఖాళీ అయ్యాకే ఫ్రెషర్ల వంతు. తమ్ముడూ, పీఎఫ్ కడతారా, యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) ఇస్తారా అడుగు. రేపు అనుభవానికి రుజువు అదే. ఒరిజినల్ సర్టిఫికెట్లు గానీ డిపాజిట్ గానీ అడిగితే లేచి వచ్చెయ్.

ప్రశ్న అడిగినవాడు: థ్యాంక్స్ అన్నా. పీఎఫ్ ఉందట. కానీ ఆర్నెల్ల కాంట్రాక్టుకు ఏడాది బాండ్ (ఈలోపు మానేస్తే డబ్బు కట్టాలని) అంటున్నారు, ఇదేం లెక్క?