అర్క రక్షక్ టమాటా మేడ మీదకు పనికొస్తుందా? కాపు బాగుంది, చారు బాలేదు

చారుపిచ్చి, సీతమ్మధార:
వచ్చే నెల నారు పోసుకోవాలి కాబట్టి ఇప్పుడే అడుగుతున్నాను. పోయినేడు ఈ గ్రూపులోనే "మొదటిసారి టమాటా వేస్తున్నాను, ఏ రకం మంచిది" అంటే దాదాపు అందరూ అర్క రక్షక్ అన్నారు. కొత్తవాళ్ళ కోసం పైన అంటించిన జాబితాలో కూడా మొదటి పేరు అదే. సరే, వేశాను. మూడో అంతస్తు మేడ, పదిహేను అంగుళాల గ్రో బ్యాగులు, ఎనిమిది మొక్కలు. సెప్టెంబరులో నారు పోసి, వానలు తగ్గాక నాటాను. సంక్రాంతికి ముందు తొలి కోత. మార్చి దాకా ప్రతి కోతా తూచి రాసుకున్నాను. మొత్తం 21 కిలోలు. ఒక్క మొక్కకు కూడా ఆకుముడత రాలేదు. ఇంతవరకు పేరు పెట్టడానికి లేదు.

కాయ కోశాక చూడాలి. కండ దళసరి. గింజల చుట్టూ ఉండే జిగురు రసం తక్కువ. నడుమ తెల్లగా గట్టి బెండు. చారుకి చేత్తో పిసికితే నలగవు, మిక్సీ వేయాల్సి వచ్చింది. పులుపు చాలక చింతపండు కలిపాను. చింతపండు వేశాక ఇక టమాటా చారు ఏమిటి? ఈ రకం వేసి నిరాశపడ్డవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?

రెండో మెట్టు, గాజువాక:
మా ఇంట్లో టమాటా చారులో ఎప్పుడూ చింతపండు వేస్తాం. అది తప్పెలా అవుతుంది?

పసుపు పూత, మధురవాడ:
ఫ్రిజ్‌లో పెట్టారా? చలికి టమాటా వాసన చచ్చిపోతుంది.

భీమిలి ఎర్రమట్టి, ఆనందపురం:
ఆ జాబితా రాసింది నేనే, కాబట్టి నేనే జవాబు చెప్పాలి.

అర్క రక్షక్ బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ తయారుచేసిన సంకర రకం. మూడు తెగుళ్ళను తట్టుకుంటుంది: ఆకుముడత వైరస్, బాక్టీరియా వడలు తెగులు, ముందుగా వచ్చే ఆకుమచ్చ తెగులు. ఈ మూడింటిలో ఏది తగిలినా మామూలు రకం చేతికి రాదు. కర్ణాటకలో ఒక రైతుకి ఒక్కో మొక్కకి 19 కిలోలు కాసిందని పేపర్లలో వచ్చింది కూడా ఈ రకం గురించే. కాయ 90 నుంచి 100 గ్రాములు తూగుతుంది, గట్టిగా ఉంటుంది, చాలా రోజులు నిలవ ఉంటుంది.

మీకు ఎనిమిది మొక్కలకి 21 కిలోలు వచ్చాయి. మొదటిసారి వేసినవారికి అది చాలా మంచి కాపు. ఆకుముడత ఒక్కదానికీ రాలేదని మీరే రాశారు. జాబితా చెప్పింది చెప్పినట్టు జరిగింది. ఇక రుచి అంటారా, సంచిలో పెంచిన మొక్కకి మీరేం వేశారు? పొటాష్ వేశారా? కాయ పూర్తిగా ఎరుపు తిరిగాక కోశారా, దోరగా ఉండగానే కోశారా? సంచి పదిహేను అంగుళాలంటే ఎత్తా, వెడల్పా?

చారుపిచ్చి, సీతమ్మధార:
ఎత్తూ వెడల్పూ రెండూ పదిహేనే. చెట్టు మీదే పండనిచ్చాను. ఫ్రిజ్‌లో పెట్టలేదు. వర్మీకంపోస్ట్, వేపపిండి, ఎముకల పొడి, పూత మొదలయ్యాక వారానికోసారి అరటితొక్కల నీళ్ళు.

భీమిలి ఎర్రమట్టి, ఆనందపురం:
అరటితొక్కల నీళ్ళతో పొటాష్ సరిపోదండి. అక్కడే ఉంది తేడా.

ఋషికొండ గాలి:
రుచి కోసం పోయి నేను పడిన పాట్లు కూడా వినండి. రెండేళ్ళ క్రితం ఆన్‌లైన్‌లో బ్రాండీవైన్ అనే టమాటా రకం గింజలు కొన్నాను. అమెరికాలో ఇళ్ళలో తోట పెంచేవాళ్ళు రుచిలో దీని తర్వాతే ఏదైనా అంటారు. బంగాళాదుంప ఆకులాంటి ఆకు, గులాబీ రంగు కాయ, ఒక్కోటి అర కిలో. నేను జనవరిలో నాటాను. మొక్క నా భుజం దాకా పెరిగింది. మార్చి అంతా పూత. పొద్దున్నే మేడ ఎక్కితే పూలన్నీ తొడిమ దగ్గర విరిగి సంచి చుట్టూ రాలి ఉండేవి. ఆ పసుపు పూలను చేటలోకి ఎత్తి పోసేదాన్ని. మొత్తం మీద నిలిచినవి రెండు పిందెలు. అందులో ఒకటి అడుగున నల్లగా కుళ్ళింది.

తర్వాత చదివితే తెలిసింది. అది నాటిన 80 నుంచి 100 రోజులకు గాని పండదు, వాళ్ళ దేశంలోనే తక్కువ కాస్తుందని పేరు. రాత్రి వేడి 21, 22 డిగ్రీలు దాటితే టమాటాకి పుప్పొడి సరిగ్గా పనిచేయదు. మన విశాఖలో మార్చి రాత్రులే దాన్ని దాటతాయి, ఏప్రిల్‌లో 26కి అటూఇటూ ఉంటాయి, పైగా సముద్రపు తేమకి పుప్పొడి ముద్దకట్టి రాలదు. ఊరు కాని ఊరి మొక్కను తెచ్చి ఇక్కడి ఎండలో నిలబెట్టాను. దాని తప్పేం లేదు.

పసుపు పూత, మధురవాడ:
చెర్రీ టమాటా వేయండి. వేడిలో కూడా పిందె నిలుస్తుంది, తియ్యగా ఉంటుంది.

రెండో మెట్టు, గాజువాక:
చెర్రీతో పప్పు అవుతుందా? గిన్నెడు కోస్తే తొక్కలే తొక్కలు.

చారుపిచ్చి, సీతమ్మధార:
ఎర్రమట్టి గారూ, మళ్ళీ మళ్ళీ సంచి దగ్గరికీ పొటాష్ దగ్గరికీ వెళ్తున్నారు. నా ప్రశ్న రకం గురించి. మీరు చెప్పిన మూడు తెగుళ్ళలో వడలు తెగులు మట్టిలో ఉండే బాక్టీరియా వల్ల వస్తుంది. నా మేడ మీద ఉన్నది కోకోపీట్ (కొబ్బరి పొట్టు), కొత్తగా కలిపిన మట్టి. అంతకుముందు అందులో టమాటా గాని వంకాయ గాని పెరగలేదు. ఆ తెగులు మూడో అంతస్తుకి ఎక్కడి నుంచి వస్తుంది? అన్ని రోజులు నిలవ ఉండటం నాకెందుకు? నేను కోసిన అరగంటకి కాయ పొయ్యి మీద ఉంటుంది. లారీలో పోయే కాయకి ఉండాల్సిన గుణాలు నా మేడ మీద కాయకి ఎందుకు?

భీమిలి ఎర్రమట్టి, ఆనందపురం:
వడలు తెగులు రాకపోవచ్చు, ఒప్పుకుంటాను. ఆకుముడత మాటేమిటి? అది తెల్లదోమ మోసుకొస్తుంది. తెల్లదోమకి మూడో అంతస్తు అడ్డమా? పక్కింటి మందార మీద ఉంటుంది, మీ టమాటా మీదకి వస్తుంది. పోయినేడు ఇక్కడే ఒకాయన పీకేయం-1 అనే పాత రకం వేసి నవంబరులో ఫోటో పెట్టారు. ఆకులన్నీ దొన్నెల్లా పైకి ముడుచుకుపోయి, మొక్క జానెడు దగ్గరే ఆగిపోయింది. పన్నెండు మొక్కలకి పన్నెండూ పీకేశారు. ఆయన మళ్ళీ ఇటు రాలేదు. కొత్తవాళ్ళు మొదటి ఏడాదే మొక్క చచ్చిపోతే ఇక తోట జోలికి రారు. నేను చూసేది అది.

పాత పాఠం, ఎం.వి.పి. కాలనీ:
రుచి పోవడానికి ఒక కారణం చెప్తాను. మన చిన్నప్పటి కాయలకి పండక ముందు తొడిమ చుట్టూ ముదురు ఆకుపచ్చ పట్టీ ఉండేది, గుర్తుందా? పీకేయం-1కి ఇప్పటికీ ఉంటుంది. కాయ అంతా ఒకేలా ఎరుపు తిరిగితే చూడ్డానికి బాగుంటుందని, ఆ పట్టీ లేని మొక్కల్ని ఏరి కొత్త రకాలు కట్టారు. 2012లో సైన్స్ పత్రికలో దీని గుట్టు తేల్చారు. పట్టీ పోవడానికి కారణమైన జన్యువే పచ్చి కాయలో పత్రహరితం కూడా తగ్గిస్తుందట. దానితో కాయ సొంతంగా చేసుకునే చక్కెర కూడా తగ్గుతుంది. అందం కోసం ఏరుకుంటే తీపి కూడా దాంతో పాటు పోయింది.

భీమిలి ఎర్రమట్టి, ఆనందపురం:
అందులో అర్క రక్షక్ పేరు ఉందా?

పాత పాఠం, ఎం.వి.పి. కాలనీ:
లేదు. మార్కెట్ కోసం కట్టిన రకాల గురించి మొత్తంగా చెప్పిన మాట. రక్షక్ మీద నేను నింద వేయడం లేదు.

భీమిలి ఎర్రమట్టి, ఆనందపురం:
అయితే ఇక్కడ ఎందుకు తెచ్చారు?

చారుపిచ్చి, సీతమ్మధార:
ఎందుకంటే మార్కెట్ సరుకుని తెచ్చి ఇంటి తోటకి మొదటి పేరుగా పెట్టారు కాబట్టి. గట్టిగా ఉండాలి, ఒకేలా ఉండాలి, దెబ్బ తగలకూడదు. ఇవి అమ్ముకునేవాళ్ళకి కావలసినవి. తినేవాళ్ళని ఎవరూ అడగలేదు.

భీమిలి ఎర్రమట్టి, ఆనందపురం:
అమ్ముకునేవాళ్ళు అంటే నేనే కదండీ. చెప్పాలనుకోలేదు, ఇప్పుడు చెప్తాను.

మాకు ఎకరంన్నర ఉంది. మా నాన్న నాటు టమాటా వేసేవారు. పల్చటి తొక్క, గీతలు గీతలుగా ఉండే కాయ, పులుపు. మీరు వెతుకుతున్నది అదే. తెల్లవారకముందు కోసి గంపల్లో సర్ది రైతు బజారుకి తెచ్చేవాళ్ళం. గంపలో అడుగు వరుస అక్కడికి చేరేలోపే పగిలి కారేది. పైన ఉన్నవాటిని కొనేవాళ్ళు ఒక్కొక్కటి బొటనవేలితో నొక్కి చూసేవారు. మెత్తగా ఉంటే పక్కన పడేసేవారు. నొక్కిన కాయ మధ్యాహ్నానికి కుళ్ళు. పది గంటలయ్యేసరికి సగం గంప ఎవరికీ అక్కర్లేనిది అయ్యేది. దాన్ని తిరిగి బస్సులో తీసుకెళ్ళడానికి కూడా మనసొప్పక మా నాన్న అక్కడే ఆవులకి వేసి వచ్చేవారు. పక్కనే మదనపల్లె నుంచి లారీలో వచ్చిన కాయ, ఇంత దూరం వచ్చినా రాయిలా ఉండేది. అదే అమ్ముడుపోయేది.

గట్టి కాయ మేం అడిగింది కాదు. నొక్కి చూసిన చేతులు అడిగాయి. ఇప్పుడు అవే చేతులు మేడ ఎక్కి, గట్టిగా ఉంది, రుచి లేదు, తినేవాళ్ళని అడగలేదు అంటే నాకు బాధగా ఉంది.

రెండో మెట్టు, గాజువాక:
నిజమే, నేను కూడా నొక్కి చూస్తాను.

ఋషికొండ గాలి:
2023 వేసవి తర్వాత కిలో వంద దాటి, ప్రభుత్వమే రైతు బజార్లలో యాభైకి అమ్మినప్పుడు మెత్తవైనా పచ్చివైనా లైన్లో నిలబడి కొన్నాం. అప్పుడు ఎవరూ నొక్కలేదు.

చారుపిచ్చి, సీతమ్మధార:
ఎర్రమట్టి గారూ, మిమ్మల్ని నొప్పించాలని కాదు. నేనూ నొక్కి చూస్తాను, కాదనను. నా బాధ కూడా ఒక్కసారి వినండి.

మా మేడ మీద కుళాయి లేదు. నాలుగు నెలలు రెండు పూటలా బకెట్లతో నీళ్ళు మోశాను. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పి, మేడ ఎక్కలేరు. మొక్కల ఫోటోలు రోజూ ఫోన్లో చూపించేదాన్ని. సంక్రాంతి ముందు తొలి కాయలతో చారు పెట్టి ఆవిడకి గ్లాసులో పోసి ఇచ్చాను. ఒక గుక్క తాగి, "మనవి ఇంకా పండలేదా అమ్మా? ఇవి బజారువా?" అన్నారు.

ఆవిడ మంచి మనసుతోనే అడిగారు. నాకు మాట రాలేదు. బజారులో దొరికేదే కావాలంటే నేను బజారుకే వెళ్ళేదాన్ని. దొరకనిది కావాలనే కదా ఇంత పని. మీ జాబితా కాపు ఎంత, తెగులు తట్టుకుంటుందా అన్నది చెప్తోంది. తింటే ఎలా ఉంటుందో ఒక్క ముక్క లేదు. నా కోపం దాని మీదే.

పాత పాఠం, ఎం.వి.పి. కాలనీ:
ఇది న్యాయమైన మాట. ఎర్రమట్టి గారూ, ఒకటి అడగనా? మీ ఇంట్లో చారుకి మీరు ఏ కాయ వాడతారు?

భీమిలి ఎర్రమట్టి, ఆనందపురం:
బోరు పక్కన నాలుగు నాటు మొక్కలు వేస్తాం. అవి అమ్మకానికి కాదు, ఇంటికి.

ఋషికొండ గాలి:
మరి ఆ సంగతి జాబితాలో ఎందుకు రాయలేదు?

భీమిలి ఎర్రమట్టి, ఆనందపురం:
ఇన్నేళ్ళలో ఇక్కడ అడిగినవాళ్ళంతా ఎన్ని కిలోలు వస్తాయి, తెగులు వస్తుందా అనే అడిగారు. పులుపు ఎంత ఉంటుందని ఎవరూ అడగలేదు. పైగా నాటు మొక్కలు నాలుగు వేస్తే మాకు ఒకటో రెండో ముడతకి పోతాయి. కొత్తవాళ్ళకి అది చెప్పి భయపెట్టడం ఎందుకనుకున్నాను. మీ అత్తగారి మాట చదివాక, రాయాల్సిందే అనిపిస్తోంది.

చారుపిచ్చి గారూ, ఎనిమిదీ ఒకే రకం వేయకండి. ఐదు రక్షక్ ఉంచండి, కూరలకీ పచ్చడికీ అవి బాగుంటాయి. నిలవ పచ్చడికి గట్టి కండే కావాలి, నీరు తక్కువ కాబట్టి ముక్క బాగా ఎండుతుంది. మిగతా మూడూ నాటు వేయండి. గింజలు నేనిస్తాను. రక్షక్ కాయల గింజలు మాత్రం దాచకండి, సంకరం కాబట్టి మళ్ళీ వేస్తే తల్లిలా రావు. నాటువి ఒకసారి తీసుకుంటే చాలు. బాగా పండిన కాయ కోసి గింజల్ని ఆ రసంలోనే రెండు రోజులు గ్లాసులో ఉంచండి, పైన తెట్టు కడుతుంది. కడిగి నీడలో ఆరబెట్టి కాగితంలో చుట్టి పెట్టుకోండి.

పసుపు పూత, మధురవాడ:
నాకూ కాసిని కావాలి.

రెండో మెట్టు, గాజువాక:
నాకూ. చింతపండు వేయకుండా ఒకసారి చేసి చూస్తాను.

చారుపిచ్చి, సీతమ్మధార:
శనివారం మీరు ఎం.వి.పి. రైతు బజారుకి వస్తారు కదా, అక్కడికి వచ్చి తీసుకుంటాను. ఆ మూడింటికీ ముడత వస్తే ఏం చేయాలి?

భీమిలి ఎర్రమట్టి, ఆనందపురం:
పసుపు జిగురు అట్టలు మొక్క నాటిన రోజే కట్టండి, దోమ కనిపించాక కాదు. వారానికోసారి వేపనూనె, ఆకు అడుగు తడిసేలా. అయినా చివరి ఆకులు ముడుచుకున్న మొక్క కనిపిస్తే రేపు చూద్దాం అనుకోకండి. అదే పూట పీకి సంచిలో కట్టి కిందికి దింపేయండి. పక్కనున్న రెండూ దక్కుతాయి.

శనివారం ఏడుకి ముందే రండి. తర్వాత రద్దీలో మాట్లాడటానికి కుదరదు.

చారుపిచ్చి, సీతమ్మధార:
ఆరున్నరకే వస్తాను. మీ గంపలో ఆ నాటు కాయలు నాలుగు ఉంటే పక్కన పెట్టండి. నొక్కకుండా కొంటాను.

భీమిలి ఎర్రమట్టి, ఆనందపురం:
ఇప్పుడు కాపు లేదండి. జనవరిలో.